ఆరోగ్య సర్వేల వల్ల మన పల్లెల ఆడవాళ్లకు ఏమైనా ఒరిగిందా? ప్రశ్నలడిగిన మనిషిగా నా జవాబు

మీరు రెండు సంగతులు అడిగారు. సర్వే అంటూ కదిరి దగ్గర మీ పల్లెకు వచ్చి అమ్మను, వదినను గంటసేపు కూర్చోబెట్టి కాన్పులు, నెలసరి గురించి అడిగి పోతారే, దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది అన్నది మొదటిది. 33 ఏళ్ల మీ వదినకు తెల్లబట్ట అవుతోందని, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే గర్భసంచి తీసేయాలన్నారు, తీయించాలా వద్దా అన్నది రెండోది. వీటిని విడివిడిగా అడిగారు గానీ, నాకు తెలిసినంతలో ఒకదాని జవాబు ఇంకోదాంట్లోనే ఉంది.

నేను కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో ఆరోగ్య సర్వేలకు ఇన్వెస్టిగేటర్‌గా పనిచేశాను. వేరుశనగ పీకే రోజుల్లో పగలు ఇళ్లకు తాళాలే. తెల్లారకముందే పోవాలి, లేదంటే దీపాలు పెట్టే వేళకు. మనిషి దొరికినా పక్కనే అత్త కూర్చుంటుంది. ఆమె వింటుంటే కోడలి నోటినుంచి నిజం రాదు. అందుకే మేం ఇద్దరిద్దరం పోయేవాళ్లం, ఒకరు అత్తను మాటల్లో పెట్టి వాకిట్లోకి తీసుకుపోతే ఇంకొకరు లోపల కోడలితో మాట్లాడేవాళ్లం.

పిల్లల ఆపరేషన్ ఎప్పుడైందని అడిగితే ఇరవై రెండు, ఇరవై మూడేళ్లప్పుడు అని చెప్పేవాళ్లే ఎక్కువ. ఆఖరుగా నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగితే, "ఇంగ యాడిదక్కా, సంచి తీసేసి నాలుగేండ్లాయ" అంటారు. వయసు చూస్తే ముప్పై ఐదు దాటి ఉండదు. ఎందుకు తీయించుకున్నావమ్మా అంటే, "తెల్లబట్ట అవుతాండె. అట్లే పెట్టుకుంటే క్యాన్సర్ అవుతాదనిరి. ఇద్దరు బిడ్డలుండారు గదా, ఇంగ దాంతో ఏం పని అనిరి. అప్పు జేసి తీపిచ్చుకుంటిమి." ఈ మాటలే కొద్ది తేడాతో ఊరూరా విన్నాను. కూలికి పోయేవాళ్లు, బరువులు మోసేవాళ్లు, చదువు లేనివాళ్లే ఎక్కువ చెప్పారు. కలిగిన ఇళ్లలో తక్కువ.

ఒక ఇంట్లో చెబితే అది ఆ ఇంటి కష్టం. ఇన్నిళ్లలో ఇదే జరుగుతోందని ఎవరికి తెలియాలి? లెక్క తీస్తేనే తెలుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైతే, గర్భసంచి తీయించుకున్నారా, ఏ వయసులో, ఎక్కడ, ఎందుకు అన్న ప్రశ్నలను విడిగా చేర్చింది 2015-16 నాటి నాలుగో విడతలో. అప్పుడు బయటపడింది అసలు సంగతి. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద గర్భసంచి తీసేసినవాళ్లు నూటికి 3.2 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలోనే మనది మొదటి స్థానం. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

మన జిల్లాకు ఇంకో సంబంధం కూడా ఉంది. 2007లో ఆరోగ్యశ్రీని మొదట పెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. గుండె ఆపరేషన్ చేయించుకోలేక చచ్చిపోయే పేదవాళ్లను అది బతికించింది, కాదనను. కానీ ఎన్ని ఆపరేషన్లు చేస్తే అంత డబ్బు అన్న పద్ధతిలో, ఏ నొప్పి వచ్చినా గర్భసంచి మీదికే చూపు పోయింది. ఆ తర్వాత ఆ పథకంలో ఈ ఆపరేషన్‌ను ప్రైవేటు నుంచి తప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. లెక్కలు చూసినవాళ్లు అరిచి గోల చేయబట్టే ఆ మాత్రమైనా జరిగింది.

కోర్టు దాకా కూడా పోయింది. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద ఆడవాళ్లకు అవసరం లేకుండానే గర్భసంచులు తీసేస్తున్నారని ప్రజారోగ్యం కోసం పనిచేసే డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. కేసు నడుస్తుండగానే 2022లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో వాటిని అమల్లో పెట్టాలని 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు చెప్పింది. జిల్లా స్థాయిలో కూడా పర్యవేక్షణ కమిటీ ఉండాలి, 40 ఏళ్లలోపు వాళ్లకు చేసే ఆపరేషన్ల మీద ప్రత్యేకంగా కన్ను వేయాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. మీ వదినకు 33. అంటే ఆ మాట రాసింది ఆమెలాంటి వాళ్ల కోసమే. ఎక్కడో ఎవరో ఆడమనిషి సర్వే వాళ్లకు చెప్పిన జవాబులు మీ ఇంటి దాకా ఇట్లా వచ్చాయి.

అయితే నాకు కడుపు మండే సంగతి ఒకటుంది. అదే జాతీయ సర్వే ఐదో విడతలో (2019-21) మన రాష్ట్రంలో సగటున ఒక్కో స్త్రీకి 1.7 కాన్పులని తేలింది. జనాభా తగ్గిపోతోందని ఆ అంకె మీద ముఖ్యమంత్రి దగ్గర్నుంచి అందరూ మాట్లాడారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీ చేయకూడదని 1994 నుంచి ఉన్న నిబంధనను స్థానిక ఎన్నికల చట్టం నుంచి 2024 నవంబరులో తీసేశారు. తీసేయడం మంచిదే. కానీ 8.9 అన్న అంకెకు అంత పరుగు ఎవరూ పెట్టలేదు. పెళ్లయిన ఆడవాళ్లు పదిమందిలో ఏడుగురు పిల్లల ఆపరేషన్ చేయించుకుంటే, చేయించుకున్న మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు అన్న లెక్క కూడా ఆ సర్వేలోనే ఉంది. దాని గురించి ఏ సభలో ఎంతసేపు మాట్లాడారు? ఇంకొకటి, జిల్లాలవారీగా ఇచ్చే అంకెల పట్టికలో (ఫ్యాక్ట్‌షీట్) గర్భసంచి ఆపరేషన్ల అంకె లేనే లేదు. రాష్ట్రానికి ఉంది, జిల్లాకు లేదు. పైగా మీ కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, 2019 లెక్కల్లో అది పాత అనంతపురంలో కలిసిపోయి ఉంది. జిల్లా అధికారి ముందు కూర్చుని అడగాలంటే చేతిలో ఏ కాగితం పెట్టుకుని అడగాలి?

పరిశోధన అన్న ప్రతిదానికీ తల ఊపమని చెప్పడం లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేస్తూ అధ్యయనం చేశారు. హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోతే, అవి టీకా వల్ల జరిగినవి కావని విచారణ చెప్పింది, టీకా కూడా మంచిదే. కానీ పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఆ సమ్మతి తీసుకున్న తీరును గట్టిగా తప్పుపట్టింది. అందుకే మీ అమ్మకు చెప్పండి: ఎవరు పంపారు, ఎందుకు అడుగుతున్నారు అని ముందు అడగాలి. ఇష్టం లేని ప్రశ్నకు చెప్పనని అనొచ్చు, మధ్యలో లేచిపోనూ వచ్చు. దానివల్ల రేషన్, పింఛను ఏదీ ఆగదు. అది నమ్మిన తర్వాత చెబితే మాత్రం నిజమే చెప్పమనండి.

ఇక మీ వదిన సంగతి. నేను డాక్టర్ని కాను, ఈ ఇళ్లన్నీ తిరిగిన అనుభవంతో, మంచి గైనకాలజిస్టుల దగ్గర విన్నదాంతో చెబుతున్నాను. తెల్లబట్ట ఒక్కదానికే గర్భసంచి తీయరు. చాలావరకు అది మందులతో తగ్గే ఇన్ఫెక్షన్, ఒక్కోసారి భర్తకు కూడా మందు వాడాలి. రక్తం ఎక్కువ పోతుంటే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, స్కానింగ్, అవసరమైతే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ. మాత్రలున్నాయి, గర్భసంచి లోపల పెట్టే, హార్మోన్ ఉండే లూప్ ఉంది. ఇవేవీ పనిచేయకపోతేనో, పెద్ద గడ్డలుంటేనో, క్యాన్సర్ తేలితేనో ఆపరేషన్ మాట. బాగా నీరసించి కళ్లు తిరుగుతుంటే మాత్రం ఈ చర్చలన్నీ పక్కనపెట్టి వెంటనే తీసుకుపోండి.

స్కానింగ్ కాగితాలన్నీ పట్టుకుని అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, మీకు దగ్గర్లో ఉన్న బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రిలోనో ఇంకొక డాక్టరుకు చూపించండి. కడప రిమ్స్ వైపు చుట్టాలుంటే అక్కడైనా సరే. మీ అన్నను కూడా వెంట పంపండి, అత్తగారొక్కరే పోతే ప్రశ్నలు అడగరు. ఒకవేళ నిజంగా తీయాల్సిందే అని తేలితే, అండాశయాలు ఉంచుతారా, వాటినీ తీసేస్తారా అని తప్పకుండా అడగండి. 33 ఏళ్లకే అవి కూడా పోతే ముట్లుడిగినట్టే, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు తొందరగా వస్తాయి. ఏం తీశారో డిశ్చార్జ్ కాగితంలో స్పష్టంగా రాయించుకోండి, బయాప్సీ రిపోర్టు కూడా ఇమ్మనండి. నేను పోయిన ఇళ్లలో చాలామందికి తమ ఒంట్లోంచి ఏం తీశారో చెప్పే కాగితమే లేదు.