కుక్కపిల్ల ఉన్న ఇంట్లో గన్నేరు ఉంచవచ్చా?

పెరట్లో ఎర్ర గన్నేరు విరగబూసింది, కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నాం, చెట్టు తీసేయాలా అని అడిగారు. నేనైతే తీసేస్తాను.

గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. అందులోని ఒలియాండ్రిన్ గుండె లయనే దెబ్బతీస్తుంది. ఆకు చేదు కదా, ముట్టదులే అనుకుంటాం. కానీ పళ్లు వచ్చే వయసులో కుక్కపిల్ల ఏది దొరికితే అది నములుతుంది. ఆకు ఎండినా విషం పోదు. అందుకే నాకు చెట్టుకన్నా, కొమ్మలు కత్తిరించి గోడవారన పడేసిన కుప్పంటేనే ఎక్కువ టెన్షన్. పూజకు కోసిన పూలు వేసి ఉంచిన గిన్నెలో నీళ్లు కూడా తాగనివ్వకండి. పచ్చగన్నేరూ ఇంతే, దాని గింజలు మరీ ప్రమాదం.

నమిలిందని అనుమానం వస్తే వాంతులు, చొంగ మొదలయ్యేదాకా ఆగొద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం అసలే వద్దు. నమిలిన ఆకు ఒకటి కవర్లో వేసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తండి.

చెట్టు కొట్టేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. కొమ్మలు తగలబెట్టకండి, ఆ పొగ మనకూ హానే. ఎర్రపూలే కావాలంటే ఆ చోట మందారం వేసుకోండి, పూజకూ పనికొస్తుంది.