మగ్గం వర్క్ కోర్సుకి గొలుసు తాకట్టా? కాస్త ఆగండమ్మా

తణుకు నుంచి ఒకావిడ రాశారు. ఎనిమిదేళ్ళుగా ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తున్నారట, చుట్టుపక్కల ఆడపిల్లలకి నేర్పిస్తున్నారు కూడా, యూట్యూబ్‌లో 4,200 మంది సబ్‌స్క్రైబర్లు. ఇప్పుడు బ్లౌజ్ వర్క్ మీద ఆన్‌లైన్ కోర్సు తీసి 1,500కి అమ్ముదామని. కోర్సులు లాంచ్ చేసిపెట్టేవాళ్ళెవరో పది లక్షల అమ్మకాలు గ్యారంటీ అని చెప్పి 75 వేలు ప్లస్ జీఎస్టీ అన్నారట, కెమెరా, లైట్లు, ఎడిటింగ్‌కి ఇంకో 60 వేలు. మూడు కాసుల గొలుసు బ్యాంకులో పెట్టి లక్షన్నర తెద్దామా అని అడుగుతున్నారు.

వద్దండి. కోర్సు వద్దనడం లేదు, గొలుసు వద్దంటున్నా.

ముందు లెక్క చూడండి. 75 వేల మీద 18 శాతం జీఎస్టీ అంటే 88,500, దానికి 60 వేలు కలిపితే దాదాపు లక్షన్నర అయిపోయింది. రూపాయి వడ్డీ అనుకున్నా నెలకి 1,500, అంటే నెలకో కోర్సు వడ్డీకే పోతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే వాళ్ళు 2 శాతం, దాని మీద మళ్ళీ జీఎస్టీ కోసుకుంటే 1,500లో మీకొచ్చేది 1,465 దాకా. అసలు తీరాలంటే 103 మంది కొనాలి. ఊరికే కొనరుగా, ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో యాడ్స్ వేస్తే ఒక్కో మనిషికి 500 ఖర్చయ్యిందనుకోండి, అప్పుడు 156 మంది కావాలి. ఇప్పటిదాకా ఎంతమంది కొంటామన్నారో మీ ఉత్తరంలో లేదు చూడండి, నాకు భయం అక్కడే.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్ణే లెండి. అప్పట్లో ఇంటి బడ్జెట్ మీద కోర్సు చేద్దామని మూడు నెలలు కూర్చుని 34 వీడియోలు తీశా, ఎవర్నీ అడగలా, అందరికీ కావాల్సిందేగా అనుకున్నా. 11 మంది కొన్నారు, అందులో నలుగురు మా చుట్టాలే. మిగతావాళ్ళు ఫోన్ చేసి అడిగినవన్నీ నేను వీడియోల్లో చెప్పనివే!

అందుకే మీరు తిరగేసి చేయండి. ముందు అమ్మండి, తర్వాత తీయండి. ఛానెల్‌లో, మీ కస్టమర్ల వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి: నాలుగు ఆదివారాలు లైవ్ క్లాసు, ఒక నెక్ డిజైన్ మొదట్నుంచి చివరిదాకా, 999 రూపాయలు, 12 మందికే. పన్నెండు మందీ కడితే 12 వేలు చేతికొస్తాయి. ట్రైపాడ్, కాలర్ మైకు 3 వేల లోపు వచ్చేస్తాయి, ఫోన్ మీ దగ్గర ఉండనే ఉంది. ఫ్రీ జూమ్ 40 నిమిషాలకి కట్ అయిపోతుంది, గూగుల్ మీట్ అయితే గంట. నలుగురే కట్టారనుకోండి, డబ్బులు తిరిగిచ్చేయండి, పోయేదేం లేదు. క్లాసులు అయ్యేదాకా మాత్రం ఆ డబ్బులో సగం కదపకండి, మధ్యలో ఎవరైనా మానేస్తామంటే గొడవ లేకుండా ఇచ్చేయొచ్చు.

కెమెరా సంగతి కూడా ఈ లైవ్ క్లాసుల్లోనే తేలుతుంది. మా ఆవిడ మగ్గం వర్క్ వీడియోలు చూసి నేర్చుకుందామని రెండు వారాలు కుస్తీ పట్టింది, రాలేదు. ఎందుకంటే వీడియోలో పైన సూది ఒక్కటే కనపడుతుంది, ఫ్రేమ్ కింద ఎడమ చెయ్యి దారాన్ని సూది కొక్కేనికి ఎలా అందిస్తుందో, సూది ఎప్పుడు తిప్పాలో అసలు చూపించరు, గొలుసు కుట్టు అక్కడే తెగిపోతుంది. ఫ్రేమ్ కింద ఇంకో పాత ఫోన్ పెట్టి ఆ చెయ్యి చూపించారంటే 60 వేల కెమెరా చేయలేని పని అది. ఇంకో మాట, విజిల్ గోల పడకుండా కుక్కర్ పెట్టకముందే రికార్డింగ్ అయిపోవాలి.

రెండు బ్యాచ్‌లు అయ్యాక, పిల్లలు ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో మీకు తెలిసిపోతుంది, అప్పుడు ఆ ఫీజు డబ్బులతోనే రికార్డు చేయండి. కోర్సులు అమ్మే వెబ్‌సైట్ యుడెమీలో పెట్టినా మన లింకుతో వచ్చి కొంటే 97 శాతం మనకి, వాళ్ళంతట వాళ్ళు వెతుక్కుని కొంటే 37 శాతమే, కాబట్టి ఎక్కడ పెట్టినా మనుషుల్ని తెచ్చుకునే పని మీదే. టెలిగ్రామ్‌లో ఎవరో కాపీ కొట్టి పెట్టేస్తారేమో అని ఇప్పట్నుంచే దిగులొద్దు.

ఆ లాంచ్ వాళ్ళకి ఒక్క ప్రశ్న వేయండి: ముందు పైసా ఇవ్వను, అమ్మిన ప్రతి కోర్సు మీద 30 శాతం తీసుకుంటారా అని. పది లక్షలు గ్యారంటీ అన్నారుగా, 30 శాతం అంటే 3 లక్షలు వాళ్ళకే, వాళ్ళ మాట మీద వాళ్ళకే నమ్మకం ఉంటే ఎగిరి గంతేయాలి.

ట్యాక్స్ విషయం. డబ్బులు మీ ఆయన ఫోన్‌పేకి వేయించుకుంటున్నాం అన్నారు, అది ఇవాళే ఆపండి. ఆయన ఉద్యోగస్తుడు, రేపు ఆ ఖాతాలో పడ్డవన్నీ ఏంటని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు అడిగితే ఆయనే జవాబు చెప్పుకోవాలి. మీ పేరు మీద, మీ పాన్‌తో విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి, క్లాసుల డబ్బు అంతా అందులోకే. ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను ఇప్పట్లో పడదు, ఖర్చుల బిల్లులు మాత్రం ఒక కవర్లో వేసి ఉంచండి. క్లాసులు, కోర్సుల వరకైతే ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేకుండా స్టూడెంట్ల దగ్గర జీఎస్టీ అని వసూలు చేయకూడదు కూడా.

చివర్లో సూదులు, జర్దోసీ, కుందన్లు కలిపి కిట్ కూడా పంపుతా అన్నారు, అక్కడ కొంచెం జాగ్రత్త. సరుకు పక్క రాష్ట్రానికి అమ్మితే ఈ 20 లక్షల వెసులుబాటు మామూలుగా వర్తించదు, భీమవరం పంపితే ఒక రూలు, హైదరాబాద్ పంపితే ఇంకో రూలు. ప్రస్తుతానికి ఏ నంబరు సూది, ఏ దారం, ఎన్ని గ్రాముల పూసలు అని ఒక లిస్టు రాసి వాట్సాప్‌లో పెట్టేయండి, వాళ్ళ ఊళ్ళో ఫ్యాన్సీ షాపులో వాళ్ళే కొనుక్కుంటారు.