మా అక్క తెలుగులో చెప్పిన మోగ్లీ

అమెరికాలో శనివారం ఉదయం కార్టూన్లు చూస్తూ తరాలు పెరిగాయంటారు, మనకూ అలాంటిది ఉండేదా అని ఒకరు అడిగారు. ఉండేదండీ. మనకది ఆదివారం. శనివారం మాకు బడి ఉండేది కదా!

మాది తెనాలి. 1993లో దూరదర్శన్‌లో అడవిలో జంతువుల మధ్య పెరిగే పిల్లవాడి కార్టూను మోగ్లీ మొదలైనప్పుడు నేను నాలుగో తరగతి. చెక్క తలుపులున్న పెట్టెలో నలుపు తెలుపు టీవీ. ఆదివారం మా ఇంట్లో తలంటు రోజు కూడా. అమ్మ ఒంటికి నూనె పట్టించి, కుంకుడుకాయలు నలగ్గొట్టి రసం తీసేసరికి సరిగ్గా కార్టూను వేళయ్యేది. పాట వినబడగానే కళ్లు మండుతున్నా తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చేవాణ్ణి. ఆ పాట రాసింది గుల్జార్ అనీ, స్వరపరిచింది విశాల్ భరద్వాజ్ అనీ, అందులోని పులి షేర్ ఖాన్ గొంతు నానా పాటేకర్‌దనీ చాలా ఏళ్లకు తెలిసింది. బొమ్మలేమో జపాన్‌లో గీసినవి, మొత్తం 52 భాగాలు. అప్పట్లో మాకివేవీ తెలియవు. అసలు హిందీయే రాదు. తెలుగు మాధ్యమంలో హిందీ ఆరో తరగతి నుంచే కదా.

అక్క ఎనిమిదో తరగతి. హిందీ ప్రచార సభ మధ్యమ పరీక్ష పాసైంది. ఇరుగుపొరుగు పిల్లలతో కలిసి ఆరేడుగురం చాప మీద కూర్చుంటే, తను టీవీ పక్కన పీట వేసుకుని కథ చెప్పేది. పాత్రలు గబగబా మాట్లాడేస్తే తనకూ కొంత అందేది కాదు. అలాగని ఆగేది కాదు. నల్ల చిరుత బఘీరా మోగ్లీకి మేనమామ అంది. కొండచిలువ కా తాతయ్య. మేము నమ్మేశాం.

అడవి జంతువులు నిప్పును 'ఎర్ర పువ్వు' అంటాయి. ఒక ఆదివారం ఆ మాట రాగానే అక్క 'అంటే మందారం' అని చెప్పేసింది. అంత పెద్ద పులి మందార పువ్వుకు భయపడుతుందా! ఆ రాత్రి కరెంటు పోయింది. నేను చీకట్లో తడుముకుంటూ పెరట్లోకి వెళ్లి మందారం కోసుకొచ్చి దిండు కింద పెట్టుకున్నాను. నిజంగానే భయం పోయింది. తెల్లారేసరికి అది నలిగి, దిండు గలీబుకు మచ్చ పడింది. అమ్మ ఎంత ఉతికినా పోలేదు.

టేల్‌స్పిన్ అనే డిస్నీ కార్టూను కూడా ఆదివారాలే వచ్చేది. అందులోనూ మోగ్లీలోని ఎలుగుబంటి బాలూ ఉన్నాడు, కానీ విమానం నడుపుతాడు. షేర్ ఖాన్ సూటు వేసుకున్న పెద్ద వ్యాపారి. ఇదెలా అని అడిగితే అక్క ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అడవిలో గడవక బాలూ పట్నం వెళ్లి పైలట్ ఉద్యోగంలో చేరాడట, షేర్ ఖాన్ ముందే వెళ్లి కంపెనీ పెట్టాడట. డిస్నీ వారు కూడా ఆ రెండు కథలనూ ఇంత చక్కగా కలిపి ఉండరు.

1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది. మా వీధికి కేబుల్ వచ్చాక అదీ ఇష్టంగానే చూశాను. కానీ ఎప్పుడు పెట్టినా కార్టూన్లు వస్తుంటే వారమంతా ఎదురుచూడటం పోయింది, అక్క అవసరం కూడా పోయింది. అమెరికాలోనూ శనివారం కార్టూన్లు 2014లో చివరి పెద్ద ఛానల్ నుంచి కూడా తప్పుకున్నాయని చదివినప్పుడు, అక్కడి వాళ్ల మీద నాకు చాలా జాలి కలిగింది.

రెండేళ్ల కిందట ఇంటర్నెట్‌లో ఆ పాత హిందీ మోగ్లీ దొరికింది. ఇప్పుడు ప్రతి మాటా అర్థమవుతోంది. రాత్రంతా కూర్చుని చూశాను. మేనమామ అన్న మాట ఒక్కసారి కూడా వినబడలేదు. పొద్దున్నే అక్కకు ఫోను చేసి, 'బఘీరా మేనమామ కాదటే' అన్నాను.

'మేనమామ కాకపోతే వాణ్ణి అంత ప్రేమగా ఎందుకు చూసుకుంటాడురా?' అంది.