గుల్మార్గ్‌కా, సోలంగ్‌కా? స్నోమొబైల్ ప్రయాణంపై సమాధానం

సిరొంచ నుండి నాన్నగారిని తీసుకొని ఫిబ్రవరిలో స్నోమొబైల్ ఎక్కడానికి కశ్మీర్‌లోని గుల్మార్గ్ మేలా, మనాలి దగ్గరి సోలంగ్ మేలా అని మీరు అడిగారు. నా అభిప్రాయంలో గుల్మార్గే మేలు.

ముందు స్కీలు (మంచుపై జారే పొడవాటి పలకలు), వెనుక రబ్బరు పట్టాతో నడిచే ఈ బండికి దట్టమైన మంచు కావాలి. మంచు పలుచబడి రాళ్లు తేలితే కుదుపులు వయసు మీరినవారి నడుముకు మంచివి కావు. సోలంగ్‌తో పోలిస్తే గుల్మార్గ్‌లో ఆ నెలలో మంచు నిలకడగా ఉంటుంది. గొండోలా (తీగలపై నడిచే రోప్‌వే) మొదటి దశ చేరే కొంగ్‌డోరి మూడు వేల మీటర్లకు పైనే ఉన్నందున, నాన్నగారికి ఆయాసం ఉంటే ముందుగా వైద్యుణ్ణి సంప్రదించి, కిందనే ఒక రోజంతా విశ్రాంతి తీసుకున్నాకే పైకి వెళ్లండి.

బల్లార్షాలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ చేరుతారు; అక్కడి నుండి శ్రీనగర్‌కు విమానం ఉత్తమం. మంచు ఎక్కువగా పడితే గుల్మార్గ్ దారిలో కింద ఉన్న టంగ్‌మార్గ్ ఊరి నుండి పైకి చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లనే అనుమతిస్తారు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉంచుకోండి. స్నోమొబైల్ ఎక్కే ముందే ధరతో పాటు ఎంత దూరం తిప్పుతారో కూడా మాట్లాడుకోండి. నాన్నగారిని మాత్రం దయచేసి నడిపే మనిషి వెనుకనే కూర్చోబెట్టండి.