తూలకపోవడం బలం కాదమ్మా

ప్రశ్న: మావారికి 43 ఏళ్లు. చాలా కాలం పోటీల్లో వాలీబాల్ ఆడారు. మోకాలి గాయంతో ఆట మానేసి ఆరేళ్లయింది. అప్పటి నుంచి రోజూ తాగుతున్నారు. ‘నాది ఆటగాడి ఒళ్లు, ఎంత తాగినా తూలను’ అంటారు. ఈమధ్య ఒట్టు వేయించుకుంటే మానేశారు గానీ, చేతులు వణికి, చెమటలు పట్టి, మూడో రోజుకే మళ్లీ మొదలుపెట్టారు. ఆయనకు తెలియకుండా భోజనంలో కలిపే మాత్రలు ఉన్నాయట. వాడమంటారా?
– ఒక సోదరి

జవాబు: వద్దమ్మా. మీరు విన్నది బహుశా డైసల్ఫిరామ్ గురించి. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. మనిషి తెలిసి, ఒప్పుకొని, డాక్టరు కనుసన్నల్లో వేసుకోవాల్సిన మందు అది. పైగా ఈ సంగతి బయటపడిన రోజు, మీరు వడ్డించిన ముద్దను కూడా ఆయన అనుమానంగా చూస్తారు.

ఒట్టు తప్పారని ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడు, అది ఒక్కసారిగా ఆగేసరికి అదుపు తప్పుతుంది. వణుకు, చెమటలు దానికి మొదటి మెట్టు. కొందరికి 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించేవారూ ఉన్నారు. అందుకే ఇలాంటివారికి డాక్టరు దగ్గర మందులతో, థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తూ మాన్పించాలి.

ఇక ‘తూలను’ అనే మాట. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. మెదడు మత్తుకు అలవాటుపడింది కాబట్టి తూలడం లేదు. కాలేయానికి, గుండెకు అలాంటి వెసులుబాటు ఉండదు. నొప్పిని పళ్లబిగువున భరించడమే ఆటలో గొప్ప. పాపం, ఆ లెక్కనే ఆయన గ్లాసుకూ వర్తింపజేస్తున్నారు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు ఆయన వేళ్లు చూడండి. వణుకుతూ, మొదటి గుక్క పడ్డాక కుదురుకుంటున్నాయా? ఈ విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి.

మోకాలికి ఏ మాత్రలు మింగుతున్నారో కూడా అడగండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మద్యంతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. రోజూ తాగేవారిలో పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. ఆ పాత కిట్ బ్యాగులో ఉన్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి.

ఇంకొకటి గమనించండి. సాయంత్రం ఆయన సీసా తీసే వేళ, ఒకప్పుడు ప్రాక్టీసుకు బయలుదేరిన వేళ ఒకటేనా? నా దగ్గరకు వచ్చిన మాజీ ఆటగాళ్లు కొందరిలో ఇది చూశాను. ఆట పోయాక ఆ రెండు గంటలు ఖాళీగా మిగిలిపోతాయి. మోకాలు సహకరిస్తే పిల్లలకు ఆట నేర్పడమో, ఈతో, మరొకటో, ఆ వేళకే కుదర్చండి.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కెప్టెన్‌గా చేసిన టోనీ ఆడమ్స్ 1996లో తన వ్యసనాన్ని అందరి ముందు ఒప్పుకున్నారు. మానేశాక, 2000లో క్రీడాకారుల కోసమే చికిత్సా కేంద్రం పెట్టారు. ఈ సంగతి ఆయనకు చెప్పండి. మన బోధ కన్నా తోటి ఆటగాడి కథ చెవికెక్కుతుంది.

రాత్రి కాదు, పొద్దున మాట్లాడండి. ‘మోకాలికీ, తాగుడుకీ కలిపి ఒకేసారి చూపించుకుందాం, నేనూ వస్తాను’ అనండి. డాక్టరును కలిసేదాకా ఒక్కసారిగా ఆపించవద్దు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.