సర్వర్ ఆగిపోయినా ఆడుకునే ఆట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జపాన్ ఆటల కంపెనీ క్యాప్‌కామ్ వారి ‘మెగా మ్యాన్ ఎక్స్ డైవ్ ఆఫ్‌లైన్’ గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సందేహం నాలుగు రకాలుగా అడిగినవాటిని కలిపేశాం.

*ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చిన ఆటనే పేరు చివర ‘ఆఫ్‌లైన్’ అని తగిలించి డబ్బుకు అమ్ముతున్నారా? – గుంటూరు*

పాత సరుకే, కానీ అమ్మే పద్ధతి పూర్తిగా మారింది. ఆన్‌లైన్ ఆట 2020 మార్చిలో తైవాన్, హాంకాంగ్, మకావుల్లో మొదలై, అదే ఏడాది అక్టోబరులో జపాన్‌కు వచ్చింది. ఆడటం ఉచితమే, ఇప్పుడు ఆ సర్వర్లు ఆగిపోయాయి. మంచి పాత్రలు, ఆయుధాలు కావాలంటే మాత్రం ‘గాచా’ ఆడాల్సి వచ్చేది. జాతరలో చక్రం తిప్పి బహుమతి కొట్టే ఆట లాంటిదే గాచా. అదృష్టం ఉంటే తగులుతుంది, లేకపోతే మళ్లీ తిప్పాలి.

2023 సెప్టెంబరు 1న ఆఫ్‌లైన్ కూర్పు ఆండ్రాయిడ్, ఐఫోన్‌లలో, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ స్టోర్‌లో వచ్చింది. అమెరికాలో ధర 29.99 డాలర్లు. ఒకసారి కొంటే లోపల ఇంకేమీ కొనక్కర్లేదు. గాచా తీసేశారు కాబట్టి పాత్రలు, ఆయుధాలు మిషన్లు ఆడుతూ సంపాదించుకోవాలి. పాత్రలు 100కు పైనే, మిషన్లు 900కు పైనే. పోయిందల్లా మనుషులతో ఆడే భాగం: పోటీలు, జట్టుగా ఆడటం లేవు.

కొనేముందు ఒక మాట. 900 అనగానే 900 కొత్త చోట్లు చూస్తామనుకోకండి. ఒక్కో మిషన్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఒకే చోటు కష్టం పెరిగి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. గాచా కోసం కట్టిన ఇంట్లోంచి గాచాను మాత్రమే బయటికి పంపారు, గదులన్నీ పాతవే. బస్సులో పావుగంట ఆడుకునేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. 1993 నాటి మొదటి ‘మెగా మ్యాన్ ఎక్స్’ లాంటి బిగువైన ఆట కోసం చూసేవాళ్లు నిరాశపడతారు.

*ఆన్‌లైన్‌లో రెండేళ్లు ఆడాను. ఆ పాత్రలు ఇందులోకి తెచ్చుకోవచ్చా? – కువైట్*

రావు. ఆఫ్‌లైన్‌లో అందరూ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. మీ ఖాతా వివరాలు ఉండేది కంపెనీ సర్వర్లో, ఈ ఆట ఆ సర్వర్‌తో మాట్లాడదు. పాత ఖాతా తెచ్చిపెడతామని డబ్బడిగే వాళ్లెవరైనా తగిలితే అది మోసమే.

అన్ని కంపెనీలూ ఇలాగే చేయవు. నింటెండో 2024 నవంబరులో ‘యానిమల్ క్రాసింగ్: పాకెట్ క్యాంప్’ ఆన్‌లైన్ సేవ ఆపి, డిసెంబరులో డబ్బుకు కొనుక్కునే పూర్తి కూర్పు తెచ్చింది. అందులో పాత ఖాతా వివరాలు తెచ్చుకోవడానికి గడువు ఇచ్చారు. మరోవైపు అదే నింటెండో ‘డ్రాగాలియా లాస్ట్’ను 2022 నవంబరు 30న ఆపేసినప్పుడు ఆఫ్‌లైన్ కూర్పు ఊసే లేదు. కాబట్టి ఏ ఆటకైనా ముగింపు ప్రకటన వచ్చిన రోజే చూడాల్సింది రెండు విషయాలు: ఖాతా మార్పిడి ఉందా, ఉంటే ఎప్పటిదాకా?

*పాత ఫోన్‌లో సగం ఆట పూర్తిచేశాను. కొత్త ఫోన్ కొంటున్నాను. ఆడింది ఆడినట్టు తీసుకెళ్లడం ఎలా? – హనుమకొండ*

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆన్‌లైన్ ఆటలో ఫోన్ పోయినా సర్వర్లో ఖాతా ఉంటుంది. ఆఫ్‌లైన్ ఆటలో మీరు ఆడిందంతా ఆ ఫోన్ లోపల ఒక సేవ్ ఫైలు. ఆ ఫైలు పోతే తిరిగి ఇచ్చేవాళ్లు లేరు.

ముందుగా చేయకూడనివి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు. ఆట నెమ్మదిస్తే సెట్టింగ్స్‌లో ‘క్లియర్ క్యాష్’ నొక్కవచ్చు, దాని పక్కనే ఉండే ‘క్లియర్ స్టోరేజ్’ లేదా ‘క్లియర్ డేటా’ జోలికి మాత్రం పోవద్దు. మొదటిది తాత్కాలిక ఫైళ్లను తీసేస్తుంది, రెండోది మీ సేవ్‌ను తుడిచేస్తుంది. ‘క్లీనర్’ యాప్‌లు ఉంటే తీసేయండి.

ఇక తరలింపు. ఆటలోనే బ్యాకప్ సదుపాయం కనిపిస్తే ముందు అదే వాడండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ బ్యాకప్ ఆన్‌లో ఉన్నా దాన్ని పూర్తిగా నమ్మవద్దు. ఆ పద్ధతిలో ఒక్కో యాప్‌కు దొరికేది 25 ఎంబీ చోటే, యాప్ తయారీదారు వద్దనుకుంటే అదీ ఉండదు. పైగా బ్యాకప్ జరగాలంటే ఫోన్ వాడకుండా పక్కన పెట్టి ఉండాలి, వైఫై ఉండాలి, గత బ్యాకప్ అయి 24 గంటలు గడిచి ఉండాలి. అందుకే కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు అడిగే ‘పాత ఫోన్ నుంచి కాపీ చేయాలా’ దగ్గరే అవునని, రెండు ఫోన్లనూ కేబుల్‌తో కలపండి. తర్వాత చూద్దాంలే అని దాటేస్తే ఆ అవకాశం మళ్లీ రావాలంటే చాలా ఫోన్లలో రీసెట్ కొట్టాల్సి వస్తుంది.

ఫైళ్లను చేత్తో కాపీ చేద్దామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి మామూలు ఫైల్ మేనేజర్‌కు ‘ఆండ్రాయిడ్/డేటా’ ఫోల్డర్ కనిపించదు. యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపితే చాలా ఫోన్లలో కనిపిస్తుంది. అక్కడ ఆట పేరున్న ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పెట్టుకోవడంలో నష్టమేమీ లేదు. అయితే కొన్ని ఆటలు సేవ్‌ను ఇంకా లోపలి, రూట్ చేయకుండా (అంటే ఫోన్ లోపలి తాళాలు తీయకుండా) తెరవలేని చోట పెడతాయి, కాబట్టి ఫోల్డర్ దొరికినంత మాత్రాన పని అయిపోయిందని అనుకోకండి.

ఐఫోన్‌లో ఇది సులువు. ‘క్విక్ స్టార్ట్’తో పక్కపక్కన పెట్టి మార్చుకుంటే యాప్‌లతోపాటు డేటా కూడా వస్తుంది. చోటు చాలకపోతే సెట్టింగ్స్, జనరల్, ఐఫోన్ స్టోరేజ్‌లోకి వెళ్లి ‘ఆఫ్‌లోడ్ యాప్’ ఎంచుకోండి. యాప్ పోయినా సేవ్ ఉంటుంది. ‘డిలీట్ యాప్’ నొక్కితే రెండూ పోతాయి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారేవాళ్లకు మాత్రం దారి లేదు, ఆట కూడా మళ్లీ కొనాలి.

ఏ దారిలో వెళ్లినా కొత్త ఫోన్‌లో ఆట తెరిచి, మీ పాత్రలు కనిపించి, ఒక మిషన్ పూర్తయ్యేదాకా పాత ఫోన్‌ను ఎక్స్చేంజ్‌లో ఇవ్వకండి.

*మా ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదు. కొన్న రోజు నుంచీ నెట్ లేకుండానే నడుస్తుందా? – పాడేరు*

దిగుమతికీ మొదటిసారి తెరవడానికీ నెట్ కావాలి. ప్లే స్టోర్‌లో డబ్బిచ్చి కొన్న యాప్‌లు, మీరు నిజంగా కొన్నారో లేదో స్టోర్‌ను అడిగే అవకాశం ఉంది. టౌన్‌కు వెళ్లినప్పుడు వైఫై మీద దించుకుని, అక్కడే ఒకసారి తెరిచి, మొదటి మిషన్ దాకా ఆడండి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఆట పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. తెరుచుకుంటే ఊరికి నిశ్చింతగా వెళ్లొచ్చు.

కంప్యూటర్‌లో అయితే స్టీమ్‌లోకి నెట్‌తో లాగిన్ అయి, అప్‌డేట్లు పూర్తిచేసి, ఆట ఒకసారి నడిపి, ఆ తర్వాత పైనున్న ‘స్టీమ్’ మెనూలో ‘గో ఆఫ్‌లైన్’ నొక్కాలి. లాగిన్ కాకముందే నెట్ తీసేసి, ఆట చెడిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ.

*టెలిగ్రామ్‌లో ఫ్రీ ఏపీకే (యాప్ ఫైలు) దొరుకుతోంది. పెట్టుకోవచ్చా? – కరీంనగర్*

వద్దు. ఒక ఆటకు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతితో గానీ, ‘యాక్సెసిబిలిటీ’ (స్క్రీన్ మీదున్నది చదివి, మీ బదులు నొక్కే) అనుమతితో గానీ పనిలేదు. అవి అడిగిందంటే మీ ఓటీపీ మీద కన్నుందన్నమాట. ఇప్పటికే పెట్టేసి ఉంటే ముందు నెట్ ఆపండి, యాప్ తీసేయండి. అది తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్’ అనుమతి రద్దు చేసి మళ్లీ ప్రయత్నించండి. బ్యాంకు పాస్‌వర్డు, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

*ల్యాప్‌టాప్‌లో ఆడుతున్నాను. పరుగెత్తుతూ డ్యాష్ (ఒక్క ఉదుటున దూసుకెళ్లడం) కొట్టి, ఎగిరి కాలిస్తే ఒక్కోసారి కాల్పు పడటం లేదు. ఆటలో లోపమా? – తిరుపతి*

ఆట బాగానే ఉంది, ఇది మీ కీబోర్డు సంగతి. కుడి బాణం, డ్యాష్, జంప్, కాల్పు కలిపి నాలుగు మీటలు ఒకేసారి నొక్కుతున్నారు. చవక కీబోర్డుల్లో మీటల కింది తీగలు అడ్డం, నిలువు వరుసల్లో పంచుకుని ఉంటాయి. కొన్ని జతలు కలిపి నొక్కితే మూడోదో నాలుగోదో నమోదు కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ మీటలకు చాలా కీబోర్డుల్లో వేరే ఏర్పాటు ఉంటుంది. డ్యాష్‌ను ఎడమ షిఫ్ట్‌కో కంట్రోల్‌కో మార్చి చూడండి. షిఫ్ట్ అయిదుసార్లు నొక్కితే విండోస్ ‘స్టిక్కీ కీస్’ పెట్టె తెరుచుకుంటుంది, సెట్టింగ్స్‌లో ఆ షార్ట్‌కట్ ముందే ఆపేయండి.

ఇలాంటి ఆటకు గేమ్‌ప్యాడే సుఖం. వైరుతో పెట్టే మామూలుది చాలు.

*ఫోన్‌లో ఆడుతుంటే మధ్యలో ఆట మూసుకుపోతోంది, వెనక్కి పోతోంది. ఇయర్‌బడ్స్‌లో శబ్దం ఆలస్యంగా వస్తోంది. – రాజమహేంద్రవరం*

రెండూ వేర్వేరు సమస్యలు. ఎడమ బొటనవేలు స్క్రీన్ అంచు నుంచి లోపలికి జారితే ఫోన్ దాన్ని ‘బ్యాక్’ అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో జెస్చర్ బదులు మూడు బటన్ల నావిగేషన్ పెట్టండి, లేదా గేమ్ మోడ్‌లో అంచు స్వైప్ ఆపండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే అదీ తీసేయండి. అది ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, జంప్ నొక్కిన క్షణానికీ ఎగిరిన క్షణానికీ మధ్య తేడా వస్తుంది.

బ్లూటూత్ శబ్దం ఆలస్యం మాత్రం పూర్తిగా పోదు. ఇయర్‌బడ్స్ యాప్‌లో ‘గేమ్ మోడ్’ ఉంటే కొంత తగ్గుతుంది. వైరు ఇయర్‌ఫోన్ పెడితే సమస్యే ఉండదు.

బ్లూటూత్ గేమ్‌ప్యాడ్ కలపాలనుకునేవాళ్లకు: పీఎస్4 ప్యాడ్‌కు ‘షేర్’, ‘పీఎస్’ బటన్లు రెండూ లైటు గబగబా మెరిసేదాకా నొక్కి పట్టండి, ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌కు పైనున్న పెయిరింగ్ బటన్. ఫోన్ హోమ్ స్క్రీన్ మీద స్టిక్ కదిపితే ఐకాన్లు ఎంపిక అవుతూ, ఆటలో ఏమీ కదలకపోతే జత కుదిరినట్టే, ఆటే దాన్ని తీసుకోవడం లేదు. ఇంకో ప్యాడ్ కొని డబ్బు తగలేయకండి.

*కొంతదూరం వెళ్లాక శత్రువులు ఎంత కాల్చినా చావడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను? – విజయనగరం*

బహుశా బలం పెంచే సామగ్రినంతా పది పాత్రలకూ పంచేశారు. ఈ ఆటలో ఒక పాత్ర రెండు ఆయుధాలతో దిగుతుంది. కత్తి, బస్టర్ (కాల్చే తుపాకీ), లాంచర్ లాంటి రకాలున్నాయి. ఒక పాత్రనీ రెండు ఆయుధాల్నీ మాత్రమే ముందు పెంచండి. ఒకటి దూరం నుంచి కాల్చేది, ఇంకొకటి దగ్గరికొస్తే పనికొచ్చేదిగా ఉంటే చాలు. కొత్త పాత్ర దొరికిందన్న సరదాలో మార్చారో, పెంచిన కష్టం పక్కన పడిపోతుంది. మార్చితీరాలనిపిస్తే ఆయుధాలు ఉంచుకుని పాత్రను మార్చండి.

గోడకు ఎగబాకే జంప్, డ్యాష్ జంప్ సాధన కూడా చేయండి. ఆటోమేటిక్ గురి అలవాటైతే కదలడం మర్చిపోతాం, బాస్‌ల (పెద్ద శత్రువుల) దగ్గర దెబ్బలు తినేది అందుకే.

*డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కొని గిఫ్ట్‌గా పంపవచ్చా? – విజయవాడ*

స్టీమ్‌లో రెండు దేశాల ధరల మధ్య తేడా ఎక్కువగా ఉంటే గిఫ్ట్ వెళ్లనివ్వదు. ప్లే స్టోర్‌లో డబ్బిచ్చి కొనే యాప్‌ను ఇంకొకరికి గిఫ్ట్‌గా ఇచ్చే వీలే లేదు. ఆయన మీకు డబ్బు పంపి, మీరే ఇక్కడ కొనుక్కోవడం సులువు. ప్లే స్టోర్‌లో దేశం మార్చుకుందామని మాత్రం చూడకండి. ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు, తర్వాత ఇక్కడి యాప్‌లతో ఇబ్బంది పడతారు.

కొన్నాక నచ్చకపోతే స్టీమ్‌లో 14 రోజుల లోపల, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు. ప్లే స్టోర్‌లో అయితే 48 గంటల్లోపే అడగాలి. ఫోన్‌లో సరిగా నడుస్తుందో లేదో కొన్న రోజే తేల్చుకోండి, పండగ సెలవులకని దాచిపెట్టకండి.

*డబ్బిచ్చి కొన్నాం కదా, పదేళ్ల తర్వాత కూడా ఆడుకోవచ్చా? – హైదరాబాద్*

సర్వర్ అక్కర్లేదు గనక కంపెనీ ఆపేసినందువల్ల ఆగిపోదు. కానీ ఫోన్లు మారతాయి. 2017లో ఐఓఎస్ 11 రాగానే పాత తరహా 32 బిట్ యాప్‌లన్నీ మూగబోయాయి. ఆండ్రాయిడ్ 14 మరీ పాత కాలానికి రాసిన యాప్‌లను అసలు ఇన్‌స్టాల్ చేయనివ్వదు. ఎప్పటికప్పుడు సరిచేసేవాళ్లు లేని ఆటకు ఫోన్ మీద ఆయుష్షు తక్కువ. దీర్ఘకాలం ఉంచుకోవాలనుకుంటే స్టీమ్ కూర్పు మేలు. విండోస్ పాత ప్రోగ్రామ్‌లను ఫోన్ల కన్నా చాలా ఎక్కువ కాలం మోస్తుంది.

‘కొన్నాం’ అన్న మాటలో కూడా మెలిక ఉంది. స్టోర్లు అమ్మేది ఆడుకునే అనుమతిని మాత్రమే. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఆ సంగతి కొనేముందే స్పష్టంగా చెప్పాలని చట్టం పెట్టారు. 2024లో ‘ద క్రూ’ అనే కార్ల ఆట సర్వర్లు మూతపడి, డబ్బిచ్చి కొన్నవాళ్లు కూడా ఆడలేకపోవడంతో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది. వాళ్లు అడుగుతున్నది, ఆట ఆపేసేటప్పుడు ఇలాంటి ఆడుకోదగ్గ కూర్పు ఒకటి మిగల్చమనే.

*మా ఇద్దరు పిల్లలకీ ఒకే కొనుగోలు సరిపోతుందా? – నెల్లూరు*

ఒకే కంప్యూటర్‌లో వంతులవారీగా అయితే సరిపోతుంది. స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంట్లోని 6 మంది దాకా చేరవచ్చు, ఎవరి సేవ్ వాళ్లకు విడిగా ఉంటుంది. ఇద్దరూ ఒకే సమయంలో ఇదే ఆట ఆడాలంటే రెండు కొనాలి. ఒకే ఫోన్ మీద ఒకే సేవ్ పంచుకోనివ్వకండి. చిన్నవాడు పెద్దవాడి సామగ్రి ఖర్చుపెట్టేస్తే ఆ తగువు తీర్చడం మా వల్ల కాదు.