బ్యారేజీ దాటలేని మనిషి

ప్రశ్న: మాది తాడేపల్లి. మా వారికి విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల దుకాణం ఉంది. ఆరు నెలల క్రితం ప్రకాశం బ్యారేజీ మీద స్కూటరుపై వెళుతుండగా గుండె దడదడలాడి, చెమటలు పట్టి, చచ్చిపోతున్నానంటూ కూలబడ్డారు. ఈసీజీ, ఎకో అన్నీ బాగున్నాయన్నారు. అయినా అప్పటి నుంచి ఒంటరిగా బ్యారేజీ దాటరు. రోజూ నేను వెనుక కూర్చుని దిగబెట్టి ఆటోలో తిరిగి వస్తున్నాను. మా అత్తగారు తాయెత్తు కట్టించారు. ఆయనకు పిచ్చి పడుతుందా?

జవాబు: పట్టదమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఇది పానిక్ అటాక్‌లా, అంటే హఠాత్తుగా ముంచెత్తే తీవ్ర భయంలా ఉంది. థైరాయిడ్ పరీక్ష చేయించకపోతే అదొక్కటీ చేయించి, ఇక పరీక్షలు ఆపండి. ప్రతి కొత్త రిపోర్టు ఆయనకు రెండు రోజుల ధైర్యమే ఇస్తుంది.

గుండె కాస్త వేగంగా కొట్టుకోగానే ఆయన 'గుండెపోటు' అనుకుంటారు. ఆ తలపుకే భయం పుడుతుంది, భయానికి గుండె ఇంకా వేగం అందుకుంటుంది. బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించిన చక్రం ఇదే. ఈ ఉధృతి సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, దానంతట అదే దిగిపోతుంది. దిగడం మాత్రం ఆయన ఎప్పుడూ ఒంటరిగా చూడలేదు. మీరు వెనుక ఉన్నారు కాబట్టే బతికానని ఆయన మనసు రోజూ లెక్క రాసుకుంటోంది. బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లే. మీ తోడుతో అది ఆయనకు రోజురోజుకూ పొడుగవుతోంది. కటువుగా అనిపిస్తే మన్నించండి. చేస్తున్నది ప్రేమతోనేనని నాకు తెలుసు.

1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త కుందేలంటే హడలిపోయే ఒక పసివాడికి నచ్చిన తిండి పెడుతూ, కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చారు. చివరికి వాడు దాన్ని నిమిరాడు. మీ వారికి కావలసిన చికిత్సకూ మూలం అదే, భయం దగ్గరకు మెట్టు మెట్టుగా వెళ్లడం. సైకాలజిస్టు ముందు గదిలోనే ఆయన్ని నిలబడ్డచోట పరుగెత్తించి, సన్నటి గొట్టంతో ఊపిరి పీల్పించి, ఆ దడ ప్రమాదం కాదని చూపిస్తారు. తర్వాత బ్యారేజీ. దానికి 70 గేట్లున్నాయి, మనకు అవే మెట్లు. తెల్లవారుజామున మీ తాడేపల్లి వైపున్న సీతానగరం చివర నుంచి పది గేట్ల దాకా నడిచి, భయం పెరిగినా అక్కడే నిలబడి, అది తగ్గాకే వెనక్కి రావాలి. భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు తిరిగి వస్తే పాత లెక్కే బలపడుతుంది. అది కుదిరాక ఇరవై గేట్లు. మీరు మొదట ఆ చివర నిలబడతారు, తర్వాత ఇంట్లో ఉంటారు, ఆపైన ఆయన ఫోను కూడా చేయకూడదు. వారానికోసారి సరిపోదు, దాదాపు రోజూ జరగాలి.

మానసిక వైద్యులు మందులు ఇస్తే వాడవచ్చు. కొన్ని పని చేయడానికి వారాలు పడతాయి. వెంటనే నెమ్మది కలిగించే మాత్రలతో మాత్రం జాగ్రత్త, అవి అలవాటవుతాయి, సొంతంగా హఠాత్తుగా మానకూడదు. సాయంత్రం ధైర్యానికని మద్యం మొదలైతే వైద్యులకు దాచకండి.

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ముందు మాట్లాడి చూడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు ఒక్క మాట అడగండి: 'ఆయనతో భయపడే పనులు చేయిస్తారా?' నెలల తరబడి కబుర్లే చెబితే మరొకరిని చూసుకోండి.

తాయెత్తు ఉండనివ్వండి, అత్తగారితో గొడవ వద్దు. అది లేనిదే కదలనంటే, దాన్ని ఇంట్లో వదిలి వెళ్లడం చివరి మెట్టు చేసుకుందాం. ఈలోగా ఆయన 'రేపు వస్తావా?' అని అడిగితే, ఇద్దరూ ముందే మాట్లాడుకున్నట్టుగా, 'సీతానగరం దాకా వస్తాను' అనండి.